ఆడచేపను వదిలేయాలట

జిజాన్,
11 ఏప్రిల్ 2018

చెల్లెలు పుష్పకు,

క్షేమమని రాస్తే అబద్ధికుణ్ణవుతాను. బతికున్నాను, గొంతుంది. అంతవరకు దేవునికి స్తోత్రం.

నీ ఉత్తరం లాల్ అహ్మద్ తెచ్చిచ్చాడు. మడత విప్పితే గుప్పున వంజరం వాసన. మా జిజాన్ చేపలు ఐసుబండిలో మీ ఖోబర్ మార్కెట్టుకు తోలే మనిషి, వాటితోపాటు మన మాటలు కూడా తోలుతున్నాడు. మీ మేడమ్ నీ ఫోను దాచి, శుక్రవారం పది నిమిషాలిచ్చి, ఆ పది నిమిషాలూ పక్కనే కూర్చుంటే మనకి ఇంకేం దారుంది!

నీకు వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ అబూ నాసిర్ మళ్ళీ మాట తప్పాడా? రెండేళ్ళ కాంట్రాక్టు. దానిమీద ఇంకో రెండేళ్ళు. పోయినేడు "ఈ చేపల సీజను ఒక్కటి కానీ, పంపేస్తా" అన్నాడు. సీజను అయింది. ఇప్పుడు మళ్ళీ "ఈ సీజను ఒక్కటి" అంటున్నాడా? ఫరో కూడా అంతే. ఇంటినిండా కప్పలు ఎగిరినప్పుడు "పొండి పొండి" అన్నాడు, కప్పలు చావగానే మాట తిప్పాడు. యోనాను మింగిన చేప నయమే పుష్పా, మూడోరోజుకి ఒడ్డున కక్కింది. ఈయన ఐదేళ్ళయినా కక్కడే!

ఇక్కడ నితాఖాత్ అని చెప్పి కంపెనీలకు రంగులు వేస్తున్నారు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని. ఈ దేశం మనుషులు తక్కువున్నవాడు ఎరుపు. మా లాంచి యజమాని ఎరుపులో పడ్డాడు. పైగా పరాయివాడి తలకి ఇంత అని లెవీ. మా పదకొండుమందిలో ఐదుగుర్ని పంపేశాడు. ముందు ముందు ప్రతి పడవలోనూ ఈ దేశంవాడు ఒకడు ఉండాలట. సముద్రానికి ఈ దేశంలో ఉండేందుకు ఇఖామా ఎవరు కొట్టించారో అడగాలనుంది.

నేను మాత్రం ఒడ్డు కనబడనంత దూరం పోయాక గొంతెత్తుతున్నాను. ఇక్కడ దేవుని వాక్యం సంచిలో ఉంటే నేరం. బుర్రలో ఉంటే ఏ చెక్‌పోస్టువాడు పట్టుకుంటాడు? కరీంనగర్ వైపు వాళ్ళు ముగ్గురున్నారు, భూమేష్, యాదగిరి, నర్సింలు. "పాస్టరన్నా, ఆమెన్ అంటె ఇంకో చాయ్ పోస్తవా?" అని వాళ్ళ ఎగతాళి. పోస్తాను. చాయ్ అయ్యేదాకా అయినా వింటారు కదా. "గోపాలకృష్ణ అని పేరు వెట్టుకోని యేసు ముచ్చట చెప్తవేందన్నా?" అన్నాడు నర్సింలు. "పేరు మా నాన్న పెట్టాడు, పిలుపు దేవుడు పెట్టాడు, ఇద్దరిదీ కాదనలేను" అన్నాను.

ఒక్కటి అడుగుతాను. ఆ ఇంట్లో వంటకి వేరే మనిషి ఉంది, పిల్లలకి వేరే మనిషి ఉంది. మరి నిన్నే ఎందుకు పట్టుకు వేలాడుతున్నాడు? ఏదో దాస్తున్నావు. మనం బెస్తోళ్ళం, చేపని దాస్తే వాసన దాగదే.

నీ అన్న,
గోపాలం


అల్ ఖోబర్,
4 మే

అన్నయ్యా,

పట్టేశావు. సరే, విను. తిట్టడం మాత్రం చివర్లో తిట్టు.

మా బాబా (అబూ నాసిర్‌ని ఇంట్లో అందరం అలాగే అంటాం) ప్రతి వేసవికీ నార్వే పోతాడు, సాల్మన్ అనే చేపని పట్టడానికి. ఇంటిల్లిపాదీ పోతాం. ఆ చేపకి వానపామూ వెయ్యరు, రొయ్యా వెయ్యరు. గేలానికి ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టి ఒక బొమ్మ చేస్తారు. దాన్ని ఈగ అంటారు. ఈగలా ఏమీ ఉండదు, మన పెదనాన్న పుంజు తలలా ఉంటుంది. దాన్ని పొడుగాటి దారంతో ఏటిమీద విసురుతారు. పడిన చేపని ఫోటో తీసి వదిలేస్తారు. అవును, వదిలేస్తారు. కూర్చుని చదువు.

నాలుగేళ్ళ కిందట బల్ల తుడుస్తున్నాను. బాబా ఒక ఈగ కడుతున్నాడు, దారం జారిపోతోంది, మళ్ళీ కడుతున్నాడు, మళ్ళీ జారుతోంది. నోరు మూసుకుని తుడుచుకుంటే పోయేది. "బాబా, ఆ ముడి నిలవదు" అని, అమ్మ వలకి వేసే ముడి వేసి చూపించాను. ఊరుకున్నానా? "నీళ్ళు నల్లగా ఉంటే ఈ ఈక కాదు, కాకిడేగ పుంజుది కావాలి" అన్నాను. నల్లటి మెడ, ఎర్రటి భుజం. పెదనాన్న పుంజుల్ని రంగు చూసి పేరు చెప్పేదాన్ని కదా. ఆ ఏడు ఆ ఈగకి మనిషి నడుమంత చేప పడింది. అంతే. బాబా దానికి తన కొడుకు పేరు పెట్టుకున్నాడు. నాసిర్ ఈగ! తనే కడతానని స్నేహితులందరికీ చెప్పుకున్నాడు. నేను పోతే కట్టేదెవరు? నా చేతులే నన్ను కట్టేశాయి అన్నయ్యా.

కొట్టడు, తిట్టడు. వాళ్ళు తినేదే పెడతారు. మంచోడే. పంజరంలో పిట్టకి మంచి గింజలు వేసేవాడు మంచోడైనట్టు.

మొన్న శుక్రవారం శ్రీలత ఫోనులో "మీరు తిన్నారా అండీ?" అంది. ఆరేళ్ళప్పుడు వదిలొచ్చాను. ఇప్పుడు పదకొండు. కన్నతల్లిని చుట్టపుచూపుగా వచ్చినావిడని పలకరించినట్టు పలకరిస్తోంది. ఆ రోజు ఒక్క ఈగా కట్టలేదు.

ఇంకో సంగతి. పోయిన వారం ఎడారి వైపు నుంచి ఒకాయన పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కాఫీ నేనే పోశాను. ఆయన ఫింజాన్, అదే పిడిలేని చిన్న కప్పు, తాగకుండా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. హాలు హాలంతా గప్‌చుప్. ఇక్కడి పద్ధతట. ఏదైనా కోరి వచ్చిన అతిథి, ఇంటాయన "తాగు, నీ పని అయింది" అనేదాకా తాగడు. తాగకుండా లేచిపోతే ఇంటాయనకి ఊరంతా తలవంపులు. బాబా ఏం కావాలో కూడా అడక్కుండానే "తాగు" అన్నాడు. ఆయన కొడుకు బాబా కారుని గుద్దాడట, కేసు వదిలేయాలట. వదిలేశాడు!

మనకేది అలాంటి కప్పు? మనం పోసేవాళ్ళం. మన ముందు పెట్టేదెవరు?

నీ సంగతి రాయలేదు. ఐదుగురు పోయారన్నావు. నువ్వు?

పుష్ప


జిజాన్,
2 జూన్

పుష్పా,

కూర్చునే చదివాను. లేచి నిలబడి రాస్తున్నాను.

పుస్తెలమ్మయినా పులస తినాలనే ఏటిగట్టున పుట్టాం. సముద్రంలోంచి గోదాట్లోకి ఎదురీది వచ్చిన పులసని పట్టి, ఫోటో తీసి, "వెళ్ళమ్మా" అని ఎవడైనా వదిలితే వాణ్ణి మన పేటలో చెట్టుకి కట్టి వేపమండలతో దిగదుడుస్తారు. పేతురు వల నిండి చినిగిపోయేటంత చేప పడితే ప్రభువు వదిలేయమన్నాడా? ఒడ్డున నిప్పులేసి కాల్చిపెట్టాడు! చేపని వదిలేస్తాడు గాని మనిషిని వదలడా వాడు?

ఇశ్రాయేలువాళ్ళు ఇటుకలు కాల్చారు, పట్టణాలకి ఫరో పేరు పెట్టుకున్నాడు. ఈగ నువ్వు కట్టావు, వాడి కొడుకు పేరు పెట్టుకున్నాడు. ఏం మారలేదు.

నా ఆజ్ఞలు విను. ముడి వదులుగా వెయ్యి. చేప లాగగానే ఊడాలి. అది కుదరకపోతే ఆ చేప ఏం తింటుందో కనుక్కుని, అది తిననిది కట్టు. సీజనంతా ఒక్కటీ పడకపోతే ఇక నీతో వాడికేం పని? ఇదీ కుదరకపోతే ఆ దేశంలో దిగగానే పోలీసు దగ్గరికి పో. లేదంటే ఏలీయాలాగ కర్మెలు కొండమీద నిలబడు. అందరి ముందూ "కట్టేది నేను" అని అరువు. వాడి అబద్ధం వాడి అతిథుల ముందే కాలి బూడిద కావాలి!

నేను బాగున్నాను. వలలు బాగున్నాయి. నా సంగతి అడక్కు.

గోపాలం


నార్వే, ఏటి ఒడ్డు నుంచి,
28 జూలై

అన్నయ్యా,

ఇక్కడ పొద్దు గుంకదు. నువ్విక్కడుంటే ప్రసంగం ఆపేవాడివి కాదు.

నీ ఆజ్ఞల పని చెబుతాను. ముడి వదులుగా వెయ్యి అన్నావు. వేద్దామనే కూర్చున్నాను. వేళ్ళు వినలేదు. అమ్మ నేర్పిన ముడి తప్పుగా వేయడం నాకు చేతకాలేదు.

రెండో ఆజ్ఞ అసలే నీళ్ళపాలు. ఈ ఏటికి కాపరి ఒక ముసలమ్మ ఉంది, సోల్వై. డెబ్భై దగ్గరుంటాయి. ఏట్లో దిగేముందు గేలాలూ బూట్లూ అన్నీ మందునీళ్ళలో ముంచి తీయిస్తుంది, వేరే ఏటి జబ్బు ఈ ఏటికి అంటకూడదట. బాప్తిస్మం లేనిదే ఎవర్నీ దిగనివ్వదు, నీకు నచ్చుతుంది. నాకొచ్చిన ఇంగ్లీషు పది ముక్కలు, ఆమెకొచ్చినవి పదిహేను. మిగతాదంతా చేతులతో. ఈ చేప ఏం తింటుందని అడిగాను. ఏమీ తినదట! సముద్రం వదిలి ఏట్లోకి ఎక్కాక, గుడ్లు పెట్టేదాకా నోట ఏదీ పెట్టదట. మరి ఈగనెందుకు పట్టుకుంటుంది అంటే, ముసలమ్మ పళ్ళు బిగించి, పిడికిలి ఊపి చూపించింది. కోపం అన్నయ్యా. నా దారికి ఏంటిది అడ్డం అని కరుస్తుంది. ఆకలితో గేలానికి పడ్డ చేపల్ని పుట్టినప్పట్నుంచీ చూశాం. కోపంతో పడ్డ చేపని ఇక్కడే చూశాను. చూడగానే నువ్వు గుర్తొచ్చావు.

ఎందుకో చెప్పనా? మేం బయల్దేరే ముందురోజు చేపల మార్కెట్లో లాల్ అహ్మద్ కనబడ్డాడు. నీ ఖురూజ్ కాగితం పడిందట. సెప్టెంబరు పద్నాలుగు లోపల దేశం దాటాలట, దాటకపోతే జైలట. నువ్వేమో "చెల్లెలు రాకుండా కదలను" అని కాగితం జేబులో పెట్టుకు తిరుగుతున్నావట. నాకు మాత్రం వలలు బాగున్నాయని రాస్తావా? నన్ను "ఏదో దాస్తున్నావు" అన్నవాడివి!

పోలీసు దగ్గరికి పోను. నాకు ఇంకో దేశం వద్దు, మన ఊరు కావాలి. దొంగలా గోడ దూకి కాదు, వచ్చిన గుమ్మంలోంచే తలెత్తుకు పోతాను.

ఇక్కడ ఇంకో చట్టముంది. పడింది ఆడచేపైతే వదిలి తీరాలి. గుడ్లు మోస్తోంది, దాని దారి దానికుంది, ఆపే హక్కు ఎవరికీ లేదంటుంది సోల్వై. నిన్న బాబాకి పడింది ఆడచేపే. చేతులు తడుపుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, ఎదురు నీళ్ళకి దాని మూతి పెట్టి, దానికి ఊపిరి కుదుటపడేదాకా మోకాళ్ళ లోతు చలినీళ్ళలో వంగి నిలబడ్డాడు. అది తోక కొట్టి పోతే కళ్ళు తుడుచుకున్నాడు. నేను గట్టుమీద ఈగల పెట్టె పట్టుకుని చూస్తున్నాను.

నువ్వు పో అన్నయ్యా. నా కోసం ఆగకు. ఇది సోల్వై పోస్టులో వేస్తుంది, జవాబు కవరు వెనకున్న ఆమె చిరునామాకి రాయి.

పుష్ప


జిజాన్,
10 ఆగస్టు

పుష్పా,

పోను.

ఆ కాగితం నిజమే. దాచాను. దాచినందుకు క్షమించు, పోనన్నందుకు మాత్రం క్షమించక్కర్లేదు. నిన్ను ఈ దేశం పంపిందెవరు? ఏజెంటుని ఇంటికి తెచ్చింది నేను. "ప్రభువు తలుపు తెరిచాడు" అని నీ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది నేను. ఆ తలుపు మూసుకుపోతే బయట నిలబడి కొట్టాల్సింది కూడా నేనే. గొర్రె తోడేలు నోట్లో ఉంటే కాపరి టిక్కెట్టు కొనుక్కుంటాడా?

మా లాంచి ఒడ్డెక్కింది. ఖురూజ్ నాకొక్కడికే ఇచ్చాడు యజమాని. నోరున్నవాణ్ణి ముందు వదిలించుకుంటారు. భూమేష్, యాదగిరి, నర్సింలు, ఈ ముగ్గురి పాస్‌పోర్టులూ వాడి బీరువాలోనే ఉన్నాయి. పనీ లేదు, పంపడమూ లేదు.

నీ చేప సంగతి చదివి ముందు కోపమొచ్చింది, తరవాత నవ్వొచ్చింది, మొన్న పనికొచ్చింది. మా మేస్త్రీ ఇస్మత్ రేవులో నలుగురి ముందు అన్నాడు, "ఏయ్ గోపాల్, నీ దేవుడు నీకు ఇఖామా కొట్టిస్తాడా?" పిడికిలి లేచింది పుష్పా. లేచిన పిడికిలి లేచినట్టుండగానే నీ ముసలమ్మ పళ్ళు బిగించి కళ్ళముందు కనబడింది. చూద్దును కదా, వాడి వెనక ఇద్దరు ఫోన్లు పట్టుకుని తయారుగా ఉన్నారు, నేను కొట్టడమే తరవాయి. ఈకలు చుట్టిన గేలం! చెయ్యి దించి, "కొట్టించకపోయినా నా దేవుడు నాకు దేవుడే" అని పక్కకి ఈదేశాను. ముప్ఫై ఏళ్ళు ప్రసంగించాను, ఆకలి లేని నోరు మూసుకోవాలని ఏ రోజూ చెప్పలేదు.

అయినా ఒకటి రాసుకో. సెప్టెంబరు పదమూడున బస్సెక్కి, పద్నాలుగున మీ ఇంటి గేటు ముందుంటాను. నీ పేరు పెట్టి అరుస్తాను. యెరికో గోడలు అరుపుకే పడ్డాయి. పోలీసులొస్తే రానీ. ఇది కోపం కాదు. నిర్ణయం.

గోపాలం


నార్వే,
22 ఆగస్టు

అన్నయ్యా,

బస్సెక్కకు. ముందిది చదువు.

నిన్న బాబా దగ్గరికి అతిథులొచ్చారు. ఆయన మేనమామ, తెల్లగడ్డం పెద్దాయన, ఆయన మాటంటే అందరికీ హడల్. ఖోబర్ స్నేహితులు ఇద్దరు. పెద్ద మగచేప పడింది. సోల్వై దాని దవడలోంచి ఈగ తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఎవరు కట్టారు?" అంది.

"నేనే" అన్నాడు బాబా.

"అయితే ఒకటి కట్టు. చూడాలి."

బల్ల వేశారు. అందరూ చుట్టూ చేరారు. బాబా కూర్చున్నాడు. దారం తెగింది. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ తెగింది. "చలి" అన్నాడు. మేనమామ నవ్వి, "చలి నీ వేళ్ళకే వేస్తోందేంట్రా?" అన్నాడు. సోల్వై బాబాని చూడటం మానేసింది. కాఫీ పళ్ళెం పట్టుకున్న నా చేతుల్ని చూస్తోంది. చూపుడువేలు మీద దారం కోసిన గీతలు దాగుతాయా? కుర్చీ లాగి నాకేసి చూపించింది.

బాబా నాకేసి చూసిన చూపు ఐదేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. బతిమాలే చూపు. నువ్వు కర్మెలు కొండ అన్నావు. అరవమన్నావు. నేను అరవలేదు. కూర్చుని కట్టాను. నల్ల మెడ, ఎర్ర భుజం, అమ్మ ముడి.

మేనమామ ఈగని అరచేతిలో పెట్టుకుని బాబాతో అన్నాడు, "ఇంట్లో ఇంత ఉస్తాదుని పెట్టుకుని కాఫీ పోయిస్తున్నావా? లే. నువ్వు పొయ్యి."

బాబా సిగ్గు కప్పుకోవడానికి గట్టిగా నవ్వుతూ కాఫీ కూజా తీసుకున్నాడు. తన చేత్తో ఫింజాన్‌లో పోసి నాకందించాడు. కుడిచేత్తో తీసుకున్నాను. వేడిగా ఉంది. యాలకుల వాసన. పెదవి దాకా తెచ్చి, బల్లమీద పెట్టేశాను.

అదే నిశ్శబ్దం అన్నయ్యా, ఆ రోజు హాల్లో ఉన్నదే. సోల్వైకి తప్ప అందరికీ అర్థమైంది. ఒక స్నేహితుడు, "పాపం, ఆవిడకేం తెలుసు, వేడిగా ఉందని పెట్టింది" అన్నాడు.

"తెలుసు. కళ్ళు చూడు" అన్నాడు మేనమామ.

బాబా గొంతు సవరించుకుని, "తాగు పుష్పా, చల్లారిపోతుంది" అన్నాడు.

"చల్లారనీ బాబా."

"ఏం కావాలో చెప్పు."

"ముందు మీ మాట. అడగడం తరవాత. మీ హాల్లో అలాగే చూశాను."

బాబా చెవులు ఎర్రబడ్డాయి. మేనమామ తన కప్పు కూడా కింద పెట్టేశాడు. అది చూసి స్నేహితులిద్దరూ పెట్టేశారు. అప్పుడన్నాడు. "తాగు. నీ పని అయింది."

తాగాను. ఒక్క గుక్కలో. "నాకు ఖురూజ్ కావాలి. సెప్టెంబరు పద్నాలుగు లోపల. మా అన్నయ్య గడువది" అన్నాను.

"మరి నా ఈగలు?" అన్నాడు బాబా, చిన్నపిల్లాడిలా.

"నేర్చుకో. లేదా చేపల్ని బతకనీ" అన్నాడు మేనమామ.

నాకు కోపం రాలేదు అన్నయ్యా, ఒక్క చుక్క కూడా. నాది ఆకలి. ఈ ఏట్లో గేలానికి పడేది కోపమే, అందుకే నేను పడలేదు.

పుష్ప


అల్ ఖోబర్,
6 సెప్టెంబరు

అన్నయ్యా,

రాగానే మేడమ్ అంది, "ఏటి దగ్గరి మాట ఏటి దగ్గరే." మూడురోజులు ఎవరూ ఏమీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మేనమామే రోజూ ఫోను చేశాడు, "అయిందా?" అని అదొక్క మాట. నాలుగోరోజు బాబా పాస్‌పోర్టు, కాగితం తెచ్చి నా ముందు బల్లమీద పెట్టాడు. విసరలేదు. పెట్టాడు.

ముడి నేర్పమన్నాడు. రెండు పొద్దుళ్ళు కూర్చోబెట్టి నేర్పాను. మొద్దు వేళ్ళు, అయినా పట్టుదల ఉంది. విద్య దాచుకుని నేనేం చేసుకుంటాను? పేరు మాత్రం మార్చమన్నాను. "కాకిడేగ" అనడానికి నోరు తిరక్క "కాకిదేకా, కాకిదేకా" అంటున్నాడు. అనిపించాను.

పదమూడున దమ్మాంలో విమానం. గేటు దగ్గరికి రాకు, అరవకు. నీ విమానం నువ్వెక్కు. మడతలో ఒక ఈగ పెట్టాను, గేలం మొన విరిచేశాను. గుచ్చుకోదు.

పుష్ప


జిజాన్,
10 సెప్టెంబరు

తల్లీ పుష్పా,

ఇది నీకు పన్నెండున అందుతుంది. లాల్ అహ్మద్ ఇప్పట్నుంచే బండి స్టార్ట్ చేసి పెట్టుకుని తొందరపెడుతున్నాడు, అందుకని పొట్టిగా.

మోషే ఫరో ముందు నిలబడ్డాడని ముప్ఫై ఏళ్ళు గొంతు చించుకున్నాను. ఎస్తేరు రాజుకి విందు పెట్టి తన జనాన్ని అడిగి తెచ్చుకుందని మాత్రం ఆడవాళ్ళ కూటాల్లో తప్ప ఎత్తేవాణ్ణి కాదు. నా తప్పే. నీ ఉత్తరం ముగ్గురికీ పైకి చదివి వినిపించాను. నర్సింలు అడిగాడు, "పాస్టరన్నా, ఇది వాక్యంల ఉన్నదా?" "లేదురా, ఉండాల్సింది" అన్నాను. చాయ్ పోయకుండానే ముగ్గురూ ఆమెన్ అన్నారు.

నా సంచి సర్దేశాను. పద్నాలుగున జెద్దాలో విమానం, రేపు సాయంత్రం బస్సు. బస్సుకి ముందు యజమాని వీడ్కోలు కాఫీకి పిలిచాడు. పీడ వదులుతోందని మహా సంబరంగా ఉన్నాడు, తన చేత్తోనే పోస్తాడట. రేవులో పెద్దమనుషుల్ని కూడా పిలిచాడు, తన మర్యాద నలుగురూ చూడాలని.

చూస్తారు. నేను తాగను. భూమేష్, యాదగిరి, నర్సింలు. మూడు పేర్లు, మూడు పాస్‌పోర్టులు. వాడి పక్కన మీ తెల్లగడ్డం మేనమామ లేడని తెలుసు. ఇస్మత్ నన్ను రెచ్చగొడతాడనీ తెలుసు. కరవను. అరవను కూడా. ఆ బస్సు పోతే మర్నాటి బస్సుంది.

"తాగవయ్యా, చల్లారిపోతుంది" అంటాడు.

చల్లారనీ.

నీ అన్న,
గోపాలం